రెడీమేడా, ఆల్టరేషనా, టైలరా, మనమే కుట్టుకోవడమా: ఏ బట్టకి ఏ దారి?

ఫిట్టింగ్ గురించి ఎవర్ని అడిగినా రెండే సలహాలు, "మంచి బ్రాండ్ చూసి కొనుక్కో" లేదంటే "టైలర్ దగ్గర కుట్టించుకో". ఈ మధ్య మూడోది కూడా మొదలైంది, "మిషన్ కొనుక్కుని నువ్వే కుట్టేసుకో, వీడియోలు బోలెడున్నాయి" అని. మూడూ మంచి సలహాలే, కానీ మొత్తం బీరువాకంతా ఒకటే దారి అన్నట్టు చెప్తారు చూడండి, అక్కడే తేడా కొడుతుంది. టీషర్టుకి సరిపోయే సలహా కోటుకి పనికిరాదు, చేతులు పొడుగున్నవాళ్ళకి కుదిరింది భుజాలు కిందికి జారినట్టుండేవాళ్ళకి కుదరదు. ముందు మీకు ఎక్కడ కుదరట్లేదో పట్టుకోండి, ఆ చోటుని తర్వాత సరిచెయ్యొచ్చా లేదా చూడండి, దాన్నిబట్టి ఆ ఒక్క బట్ట రెడీమేడా, టైలరా, ఇంకోటా అని తేల్చుకోండి. ఇంతకు మించి సూత్రం లేదు, మిగతాదంతా వివరాలే, కానీ ఆ వివరాల దగ్గరే అందరూ డబ్బులు పోగొట్టుకునేది.

సైజు నంబర్ సంగతి ముందు తేల్చేద్దాం

ఒక బ్రాండ్‌లో ఎం పడుతుంది, ఇంకో బ్రాండ్‌లో ఎల్ కూడా బిగుసుకుపోతుంది, మూడోదాంట్లో ఎస్ వేసుకుని సంబరపడిపోతాం. ఇందులో మన ఒంటి తప్పేం లేదు. అమెరికాలో 1939-40 ప్రాంతంలో ప్రభుత్వ వ్యవసాయ శాఖ వాళ్ళు (అవును, వ్యవసాయ శాఖే) దాదాపు 15 వేల మంది ఆడవాళ్ళని ఒక్కొక్కరికి 59 కొలతలు చొప్పున కొలిచారు, 1941లో ఆ రిపోర్ట్ అచ్చేశారు. చివరికి అందులో లెక్కలోకి తీసుకుంది తెల్లజాతి ఆడవాళ్ళ కొలతలనే. దాని ఆధారంగా 1958లో ఒక సైజు స్టాండర్డ్ వచ్చింది, కంపెనీలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, 1983లో ప్రభుత్వమే దాన్ని తీసేసింది. ఆ తర్వాత ఎవరి నంబర్ వాళ్ళదే. పైగా కస్టమర్‌కి చిన్న సైజు పట్టిందంటే ఖుషీ అవుతాడు కాబట్టి అదే నంబర్ పెట్టి బట్ట పెద్దది చేస్తూ పోయారు, 32 అని రాసున్న ప్యాంటు నడుం టేప్ పెట్టి కొలిస్తే 34 రావడం మామూలే.

కాబట్టి లేబుల్ చూడొద్దు, టేప్ చూడండి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సైజ్ చార్ట్‌లో ఇచ్చింది మన ఒంటి కొలతా, బట్ట కొలతా అనేది చదివి చూస్కోవాలి, చాలామంది ఇది చూడకుండా కొనేస్తారు. ఒంటి కొలత 96 సెంటీమీటర్లు అన్నప్పుడు మామూలు షర్టు ఛాతీ దగ్గర 104 నుంచి 108 దాకా ఉంటేనే ఊపిరి ఆడుతుంది, గుడ్డ సాగదు కాబట్టి ఆ లూజు ఉండాల్సిందే. అదే సాగే టీషర్టయితే ఒంటి కొలతతో సమానంగా ఉన్నా, ఇంకొంచెం తక్కువున్నా నడుస్తుంది. అన్నిటికన్నా తేలిక పద్ధతి ఏంటంటే మీ దగ్గర బాగా కుదిరిన షర్టొకటి తీసి నేల మీద పరిచి, ఒక చంక కింద నుంచి ఇంకో చంక కింద దాకా కొలిచి రెట్టింపు చేసుకోండి, భుజం ఈ చివర నుంచి ఆ చివరకి, చెయ్యి పొడుగు, మొత్తం పొడుగు, నాలుగు నంబర్లు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఇంక ఎక్కడ కొన్నా వాటితోనే పోల్చుకోవచ్చు, ఎం, ఎల్ అనే గొడవే ఉండదు.

సెకండ్ హ్యాండ్ బట్టలకైతే ఈ నాలుగు నంబర్లు లేకుండా వెళ్ళనే వెళ్ళొద్దు. పాతవాటి లేబుల్ మీద ఉన్న సైజుకీ ఇప్పటి సైజుకీ సంబంధం ఉండదు. దాంట్లో లాభం కూడా ఉందిలెండి, ముడుచుకోవాల్సిందంతా ఎప్పుడో ముడుచుకుపోయి ఉంటుంది, రంగు పోయేదైతే పోయే ఉంటుంది, అంటే ఇవాళ ఎలా పట్టిందో రేపూ అలాగే పడుతుంది. కొత్త బట్టకి ఆ గ్యారంటీ లేదు.

అద్దం ముందు ఏం చూడాలి

బట్ట కుదిరిందా లేదా అనేది ముడతలు చెప్తాయి, కొంచెం అలవాటైతే చాలు. అడ్డంగా బిగుతుగా గీతలు పడ్డాయంటే అక్కడ వెడల్పు చాలట్లేదు. నిలువుగా మడతలు వేలాడుతున్నాయంటే గుడ్డ ఎక్కువైంది. ఏటవాలుగా ఒక చోటికి లాగుతున్నట్టు గీతలుంటే ఆ గీత ఎటు చూపిస్తుందో అక్కడే ఇరుకు ఉంది, ఉదాహరణకి ఛాతీ నుంచి చంక వైపు లాగుతున్నాయంటే ఛాతీ దగ్గర చాలట్లేదన్నమాట. షర్టు ముందు అంచు పైకి లేచి వెనకది కిందికి దిగితే ముందు భాగానికి పొడుగు సరిపోవట్లేదు (పొట్ట కావచ్చు ఛాతీ కావచ్చు), అప్పుడు సైజు పెంచితే భుజాలు జారిపోతాయే తప్ప అంచు సరిగ్గా కూర్చోదు. మెడ వెనక కాలర్ కింద అడ్డంగా ఒక మడత లేస్తుంటే సాధారణంగా మీ భుజాలు ఆ బట్ట అనుకున్నదానికంటే తక్కువ వాలుగా ఉన్నాయని అర్థం.

ప్యాంటుకి వేరే లెక్క. నడుం వెనక ఖాళీ వస్తూ తుంటి దగ్గర మాత్రం కరెక్ట్‌గా ఉంటే అది సమస్యే కాదు, చిన్న ఆల్టరేషన్. కానీ కాళ్ళు కలిసే చోటు నుంచి తొడల మీదకి గీతలు విచ్చుకుంటే మాత్రం వదిలేసి వచ్చేయండి, అక్కడి కటింగ్ మీ ఒంటికి సరిపోదు, కుట్టిన తర్వాత దాన్ని బాగుచేసేంత గుడ్డ లోపల మిగలదు.

ట్రయల్ రూమ్‌లో కదలకుండా నిలబడి పొట్ట లోపలికి పీల్చుకుని చూసుకోవడం మనందరికీ అలవాటే. దానివల్ల ఏం తెలీదు. కూర్చోండి, వంగండి, రెండు చేతులూ ముందుకి చాపండి, పైకెత్తండి. చేతులు పైకెత్తినప్పుడు షర్టు మొత్తం పైకి వచ్చేస్తుందా? అయితే చంక దగ్గర చూడండి, ఆ రౌండు బాగా కిందికి కోసి ఉంటుంది. మనం అనుకునేది ఏంటంటే చంక కింద లూజుగా ఉంటే చెయ్యి ఫ్రీగా ఆడుతుందని, నిజానికి ఉల్టా. చంక రౌండు ఒంటికి దగ్గరగా, పైకి ఉంటే చెయ్యి ఒక్కటే కదులుతుంది, ఒంటి మీది గుడ్డ కదలదు. కిందికి దిగి ఉంటే చెయ్యెత్తిన ప్రతిసారీ పక్క కుట్టు దగ్గర నుంచి మొత్తం షర్టుని లాక్కుంటూ పోతుంది, టక్ చేసింది ఊడొచ్చేస్తుంది. రెడీమేడ్‌లో ఈ రౌండు కిందికి ఎందుకు కోస్తారంటే ఒకే సైజు పదిరకాల ఒళ్ళకి పట్టాలి కాబట్టి. టైలర్ దగ్గర కుట్టించుకునే షర్టుకీ రెడీమేడ్ షర్టుకీ ఉన్న తేడాల్లో నా మటుకు నాకు అన్నిటికంటే పెద్దది ఇదే, కాలరూ గుండీలూ తర్వాత. కాకపోతే టైలర్‌కి నోరు తెరిచి చెప్పకపోతే అతను కూడా అలవాటుగా లూజే పెట్టేస్తాడు.

ఏది మార్చొచ్చు, ఏది మార్చలేం

ఇది ఒక్కటి తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. పొడుగు తగ్గించడం తేలిక, ప్యాంటయినా చేతులయినా. పక్క కుట్లు లోపలికి వేసి సన్నం చేయడం తేలిక. నడుం ఒకటి రెండు ఇంచులు లాగడం తేలిక, అంతకు మించి లాగితే ప్యాంటు వెనక జేబులు రెండూ ఒకదానికొకటి దగ్గరికి వచ్చేసి చూడ్డానికి తిక్కతిక్కగా ఉంటుంది. జీన్స్ పొడుగు తగ్గించేటప్పుడు కింద ఉన్న అసలు అంచుని అలాగే ఉంచి దాని పైన కోసి కలపమని అడగండి, లేదంటే ఆ వెలిసిన అంచు పోయి కొత్త ప్యాంటు కింద ఎవరిదో ముక్క అతికించినట్టు కనిపిస్తుంది.

పెద్దది చేయడం దగ్గరే తిరకాసు. లోపల గుడ్డ వదిలి ఉంటేనే కుదురుతుంది, కాబట్టి కొనేముందే బట్ట తిరగేసి కుట్టు చూడండి. ఫార్మల్ ప్యాంట్లకి వెనక నడుం దగ్గర చాలావరకు మార్జిన్ వదులుతారు, అక్కడ విప్పి లూజు చేయొచ్చు. షర్టు పక్క కుట్లు మాత్రం లోపల మడిచి రెండు లైన్లు వేసి మూసేస్తారు, ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా దారం చుట్టే కుట్టు) చేసినవాటికి కూడా ఒక సెంటీమీటర్ మిగిలితే గొప్ప, అందులోంచి వచ్చేది ఏం లేదు. ఇంకోటి, కుట్టు విప్పితే పాత సూది రంధ్రాలు, అక్కడి గుడ్డ రంగు వెలవకుండా ఉండటం, ఇవి పైకి కనిపిస్తాయి.

భుజం జోలికి మాత్రం పోవద్దు. కోటు భుజం మార్చాలంటే చేతులు మొత్తం ఊడదీసి లోపలి ప్యాడింగ్, లైనింగ్ అన్నీ విప్పి మళ్ళీ కట్టాలి, మంచి టైలర్‌కి కూడా ఇబ్బందే, ఖర్చు కూడా కొత్త కోటు వైపు వెళ్ళిపోతుంది. కోటు పొడుగు కూడా ఓ ఇంచు మించి తగ్గిస్తే జేబులు అంచుకి మరీ దగ్గరగా వచ్చేస్తాయి. చేతి గుండీలు నిజంగా తెరుచుకునే కాజాలతో ఉంటే పొడుగు కింద నుంచి తగ్గించడం కుదరదు, భుజం దగ్గర విప్పాల్సిందే. అందుకే కోటు కొనేటప్పుడు భుజం కుదిరితే కొనండి, నడుం దగ్గర డేరాలా ఉన్నా ఫర్వాలేదు. భుజం కుదరకపోతే ఎంత తగ్గింపులో ఉన్నా పెట్టేసి వచ్చేయండి.

మామూలు కొలతలకి దగ్గరగా ఉన్నవాళ్ళకి నా సలహా రెడీమేడ్ కొని ఆల్టర్ చేయించుకోవడమే. బోరింగ్ సమాధానం, తెలుసు. కానీ పెద్ద భాగానికి సరిపోయేది కొని చిన్న భాగం తగ్గించుకోవడం అనే ఒక్క పద్ధతితోనే చాలామందికి ముప్పావు వంతు సమస్య తీరిపోతుంది. తుంటి పెద్దదై నడుం చిన్నదైతే తుంటికి కొని నడుం లాగించండి, ఛాతీ పెద్దదై నడుం చిన్నదైతే ఛాతీకి కొని వెనక రెండు డార్ట్‌లు (గుడ్డని లోపలికి మడిచి వేసే నిలువు కుట్లు) వేయించండి. కొన్న రోజే బట్ట ధరతో పాటు ఆల్టరేషన్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోవాలి, అప్పుడే అది నిజంగా చవకో కాదో తెలుస్తుంది.

టైలర్ దగ్గరికి ఎప్పుడు

మీ ఒంట్లో మామూలుకి భిన్నంగా ఉన్న చోటు పైన చెప్పిన మార్చలేని చోట్లలో ఒకటైతే, అంటే భుజం, చంక, మెడ, కాళ్ళు కలిసే చోటు, అప్పుడు రెడీమేడ్ మీద డబ్బులు తగలేయడం ఆపేసి కుట్టించుకోవడమే మేలు. ఒక భుజం కిందికి ఉండి ఒకటి పైకి ఉన్నా అంతే (చాలామందికి కొంచెం ఉంటుంది, గమనించం).

కుట్టించుకోవడంలో కూడా రకాలున్నాయి. టైలర్ మీ కొలతలు తీసుకుని నేరుగా గుడ్డ కోసేయడం ఒకటి. ముందే ఉన్న ప్యాటర్న్‌ని (గుడ్డ కోయడానికి గీసిన నమూనా) మీ కొలతలకి సాగదీసి కుట్టించడం ఇంకోటి, ఆన్‌లైన్‌లో కొలతలు నింపితే పంపించే కంపెనీలు చాలావరకు చేసేది ఇదే. మీ ఒక్కరి కోసమే కాగితం మీద ప్యాటర్న్ గీసి, కచ్చా కుట్టు వేసి, మధ్యలో ఒంటి మీద వేసి చూసి, మళ్ళీ విప్పి కుట్టడం మూడోది. లండన్ సావిల్ రోలో సూట్లు ఇలాగే కుడతారు, ఒక్క సూటుకి కనీసం 50 గంటల చేతిపని అని అక్కడి టైలర్ల సంఘం లెక్క. మనలో చాలామందికి మూడోదాంతో పనిలేదు. కానీ దాంట్లోంచి ఒక్క ముక్క మాత్రం అరువు తెచ్చుకోవచ్చు, అదేంటంటే మధ్యలో ఒకసారి వేసి చూడటం. కుట్టు పూర్తికాకముందే, గుండీలు కాజాలు వేయకముందే ఒకసారి ట్రయల్‌కి పిలవమని అడగండి, కొంచెం ఎక్కువ ఇస్తామన్నా సరే. అన్నీ అయిపోయాక వేసి చూస్తే మిగిలేది సర్దుకుపోవడమే.

కొలతల పట్టీ కంటే ఆది ఇవ్వడం బెటర్ అని నా అభిప్రాయం, ముఖ్యంగా ప్యాంటుకి. టేప్ చుట్టుకొలత చెప్తుంది గానీ వంపు ఎక్కడుందో చెప్పదు. నడుం 34, తుంటి 40 ఉన్న ఇద్దరు మనుషుల్లో ఒకరికి గుడ్డంతా వెనక కావాలి, ఒకరికి ముందు కావాలి, టేప్ మీద మాత్రం ఇద్దరూ ఒకటే. బాగా కుదిరిన ప్యాంటొకటి ఇచ్చి "దీన్నే దించండి" అంటే ఆ వంపు కూడా వచ్చేస్తుంది. అయితే ఆది ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఆది ప్యాంటు సాగే గుడ్డ అయి, కొత్తది సాగని గుడ్డ అయితే కొలత కొలతగా కుట్టినా ఎక్కదు, డెనిమ్‌లో రెండు శాతం ఎలాస్టేన్ (సాగే పోగు) ఉన్నా తేడా తెలుస్తుంది, కాబట్టి లోపలి లేబుల్ చదివి ఇవ్వండి. బాగా వాడి మోకాళ్ళు సాగిపోయినది ఇవ్వకూడదు. ఆదిలో ఉన్న లోపం కూడా అలాగే దిగిపోతుంది, "ఇందులో చెయ్యి అర ఇంచు పొట్టి, అది మాత్రం పెంచండి" అని ఒక చీటీ రాసి పిన్నుతో గుచ్చి ఇవ్వండి, నోటిమాటగా చెప్పింది నిలవదు, పండగ సీజన్లో అయితే మరీను.

గుడ్డ మీరే కొనిస్తుంటే, నూలుదైతే, కోయకముందే ఉతికి ఆరేసి ఇవ్వండి. కాటన్ మొదటి ఉతుకులో మూడు నుంచి ఐదు శాతం దాకా ముడుచుకోవచ్చు, మీటరు పొడుగులో అది మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు, అంటే సరిగ్గా కుదిరిన ప్యాంటు చీలమండ పైకి ఎక్కేంత. టైలర్ మీద అరుస్తాం గానీ పాపం అతని తప్పేం లేదు అందులో.

కొత్త టైలర్ దగ్గర ఒకేసారి అయిదు షర్టులు ఇవ్వొద్దు, ఆన్‌లైన్ కంపెనీ అయినా అంతే. ఒకటి, మామూలు గుడ్డతో, కుట్టించి రెండుసార్లు ఉతికి వేసుకున్నాక మిగతావి. సరిగ్గా రాకపోతే మళ్ళీ కుట్టిస్తారా అనేది ఆర్డర్‌కి ముందే అడిగి పెట్టుకోవాలి.

మనమే కుట్టుకుంటే

డబ్బులు మిగుల్తాయని ఇందులోకి దిగకండి. గుడ్డ, దారం, మిషన్, పాడైన మొదటి ముక్కలు, అన్నిటికంటే ముఖ్యంగా మీ ఆదివారాలు, ఇవన్నీ లెక్కేస్తే రెడీమేడ్ కంటే చవక అనేది చాలా అరుదు. కుట్టడం ఇష్టమైతేనే ఇది, ఇష్టం లేకపోతే టైలర్‌తో మాట్లాడటం నేర్చుకోవడం దీనికంటే తక్కువ కష్టం. కానీ ఇష్టం ఉన్నవాళ్ళకి ఇచ్చే స్వేచ్ఛ మాత్రం ఇంక దేంట్లోనూ దొరకదు. జేబు ఎక్కడ, ఎంత లోతు, కాలర్ ఎంత వెడల్పు, లోపల పట్టీకి పువ్వుల గుడ్డ వేయాలా, అన్నీ మీ ఇష్టమే. జేబుల్లేని డ్రెస్సులతో విసిగిపోయి మిషన్ ఎక్కినవాళ్ళు చాలామందే ఉంటారు.

కాగితం ప్యాటర్న్‌లు కొత్త సంగతేం కాదు, ఎబెనెజర్ బటరిక్ అనే అమెరికన్ టైలర్ 1863లోనే సైజులవారీగా అమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పీడీఎఫ్‌లో కొని ఎ4 పేపర్ల మీద ప్రింట్ తీసి అతికించుకోవచ్చు, ప్రింట్ స్కేల్ వంద శాతం పెట్టి, మొదటి పేజీలో ఉండే టెస్ట్ గడిని స్కేలుతో కొలిచాకే మిగతావి తీయండి. ఫ్రీసూయింగ్ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది, మీ కొలతలు ఇస్తే వాటికే ప్యాటర్న్ గీసి ఇస్తుంది, ఉచితం. మామూలు సైజు ప్యాటర్న్ కొనేవాళ్ళు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ప్యాటర్న్ సైజు నంబర్‌కీ షాపు సైజు నంబర్‌కీ పొంతన లేదు, ప్యాటర్న్‌లో చాలావరకు పెద్ద నంబరే వస్తుంది, కంగారుపడక్కర్లేదు. కుట్టు మార్జిన్ కూడా అన్నిటికీ ఒకటి కాదు, బటరిక్, సింప్లిసిటీ లాంటి వాటిలో ఒకటిన్నర సెంటీమీటర్ కలిపే ఉంటుంది, బుర్దా మ్యాగజైన్ ప్యాటర్న్‌లలో మార్జిన్ ఉండదు, మనమే కలుపుకోవాలి, చూడకుండా కోస్తే మొత్తం డ్రెస్ రెండు మూడు ఇంచులు బిగుతు. ఆడవాళ్ళ పై బట్టలకి సైజు ఎంచుకునేటప్పుడు ఛాతీ నిండు కొలత కంటే దాని పైన, చంకల కిందుగా తిప్పి తీసిన కొలత చూసి ఎంచుకుంటే భుజాలు మెడ సరిగ్గా వస్తాయి, ఎందుకంటే ఆ పెద్ద ప్యాటర్న్ కంపెనీలు ప్యాటర్న్ గీసేది బి కప్పు (బ్రా సైజుల్లో బి) ఛాతీకి. ఛాతీ దగ్గర చాలనిది ప్యాటర్న్ కోసి తెరిచి కలపొచ్చు, భుజం మాత్రం మళ్ళీ అదే గోల.

మొదట్లో ఓవర్‌లాక్ మిషన్ అక్కర్లేదు, నేరు కుట్టు, జిగ్‌జాగ్, కాజా వేసే మిషన్ చాలు, కొనకముందు ఎవరిదైనా అడిగి కొన్నాళ్ళు వాడి చూడండి. సూది విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మామూలు కాటన్‌కి 80/12, జీన్స్ లాంటి మందానికి 100/16, సాగే టీషర్టు గుడ్డకి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, ఇవి మార్చకుండా మిషన్‌ని తిట్టేవాళ్ళే ఎక్కువ. ఇస్త్రీ పెట్టె మిషన్ పక్కనే పెట్టుకోండి, వేసిన ప్రతి కుట్టునీ వెంటనే ఇస్త్రీ చేస్తే చాలు, ఇంట్లో కుట్టినట్టు కనిపించడం సగం తగ్గిపోతుంది. అసలు గుడ్డ కోసేముందు చవక కాటన్‌తో ఒక ట్రయల్ పీసు కుట్టుకుని, పక్కల్లో రెండున్నర సెంటీమీటర్లు మార్జిన్ వదిలి, ఒంటి మీద వేసుకుని పెన్నుతో గీసి సరిచేసుకోండి. చాలామంది దీన్ని టైమ్ వేస్ట్ అనుకుని వదిలేస్తారు, నాకైతే మొత్తం పనిలో ఇష్టమైన భాగం ఇదే.

ప్యాటర్న్ మీద బాణం గుర్తు ఉంటుంది, అది గుడ్డ నిలువు పోగుకి సమాంతరంగా ఉండాలి. గుడ్డ మిగుల్చుదామని కొంచెం తిప్పి వేశారనుకోండి, రెండు ఉతుకుల తర్వాత ప్యాంటు కాలు మెలితిరిగి పక్క కుట్టు ముందుకి వచ్చేస్తుంది. కావాలనే ఏటవాలుగా కోసే పద్ధతి కూడా ఉందిలెండి, ప్యారిస్‌లో మడలైన్ వియోనే అనే డిజైనర్ 1920ల్లో దాంతోనే పేరు తెచ్చుకుంది, గుడ్డ ఒంటి మీద జారుతూ భలే పడుతుంది, కానీ మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

స్టైల్ సంగతి ఎక్కడికి పోయింది అంటారా

స్టైల్ అంటే ముందు ఫొటోలు సేవ్ చేసుకోవడం మొదలుపెడతారు అందరూ. అవి చూడండి, తప్పులేదు, కానీ అంతకంటే ముందు మీరు ఉతికిన వెంటనే మళ్ళీ వేసుకునే బట్టలు ఏవో వాటిని మంచం మీద పరచండి. వాటన్నిట్లో ఏదో ఒకటి కామన్‌గా ఉంటుంది, మెడ ఆకారం కావచ్చు, చేతులు మోచేతి కింద దాకా రావడం కావచ్చు, గుడ్డ కొంచెం బరువుగా ఉండటం కావచ్చు. గుడ్డ బరువు గురించి ఎవరూ చెప్పరు గానీ అదే కటింగ్ 140 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) టీషర్టులో ఒంటికి అంటుకుని ప్రతి వంపూ చూపిస్తుంది, 220లో నిలబడి వేరే మనిషిలా చూపిస్తుంది. మీకు నప్పట్లేదు అనుకున్న డిజైన్ నిజానికి నప్పని గుడ్డ అయ్యుండొచ్చు. రంగుల విషయంలో ఒక్కో మనిషికి ఒక్కో ఋతువు రంగులు నప్పుతాయనే లెక్కలవీ నేను పెద్దగా నమ్మను, పగటి వెలుతురులో గుడ్డని మొహం దగ్గర పెట్టుకుని మొహం కనిపిస్తుందా గుడ్డే కనిపిస్తుందా చూస్తే చాలు.

ఆ కామన్‌గా ఉన్నది షాపుల్లో దొరికేదైతే రెడీమేడ్‌లోనే ఉండండి. ఏ సీజన్లో చూసినా దొరకట్లేదంటే, ఉదాహరణకి ఎత్తు నడుం ప్యాంట్లు మీకు ప్రాణం, మార్కెట్‌లో అన్నీ కింద నడుంవే ఉన్నాయనుకోండి, అప్పుడు దానికొక్కదానికే టైలర్‌ని పట్టుకోండి.

ఒక్కో బట్టకి నా ఓటు

టీషర్టులు, లోదుస్తులు, స్వెట్టర్లు రెడీమేడే, వాదన లేదు. వర్షానికి వేసుకునే జాకెట్లు కూడా, ఎందుకంటే కుట్ల మీద లోపల టేప్ అతికించి నీళ్ళు ఆపే మిషన్లు టైలర్ల దగ్గర ఉండవు. జీన్స్ రెడీమేడ్ కొని పొడుగూ నడుమూ సరిచేయించుకోవడం, ఆ మందం గుడ్డ, ఆ వెలిసిన ఫినిషింగ్ బయట రావు. షర్టు అయితే భుజం కుదిరితే రెడీమేడ్, లేదంటే టైలర్. ఫార్మల్ ప్యాంటు నా ఓటు కళ్ళు మూసుకుని టైలర్‌కే, ఆదితో. కోటు భుజం చూసి కొని ఆల్టర్ చేయించుకోవడం, రోజూ వేసుకునే ఉద్యోగమైతే కొలతలకి కుట్టించుకోవడం. స్కర్టులు, నడుంకి ఎలాస్టిక్ వేసే ప్యాంట్లు, నేరు కటింగ్ డ్రెస్సులు కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్ళకి బాగుంటాయి. ప్యాంటు జిప్పూ, షర్టు కాలరూ తర్వాత చూసుకోవచ్చు.

వీల్‌చెయిర్ వాడేవాళ్ళకి ఈ లిస్ట్ పనిచేయదు, ఎందుకంటే షాపు ప్యాంట్లన్నీ నిలబడ్డ ఒంటికి కోసినవి. కూర్చున్నప్పుడు ముందు గుడ్డ పొట్ట కింద ముద్దగా చేరుతుంది, వెనక నడుం కిందికి జారుతుంది, వెనక జేబుల కుట్లు గుచ్చుకుంటాయి. ముందు రైజ్ (కాళ్ళు కలిసే చోటు నుంచి నడుం దాకా ఎత్తు) తగ్గించి వెనక పెంచి, వెనక జేబులు తీసేసి, కాలు పొడుగు కూర్చున్నప్పుడే కొలిచి కుట్టించుకుంటే చాలా తేడా ఉంటుంది, ఇక్కడ టైలర్‌ని మించిన దారి నాకైతే కనిపించట్లేదు. టైలర్ ఎవరైనా సరే కొలతలు కూర్చున్నట్టే తీసుకోవాలి, "అలవాటైన పద్ధతి" అంటే ఒప్పుకోకండి.

ఒళ్ళు మారుతున్న రోజుల్లో, అంటే కాన్పు ముందూ వెనకా, జబ్బు నుంచి కోలుకుంటున్నప్పుడు, ఎదిగే పిల్లలకి, కొలత కొలతగా కుట్టించుకోవడం దండగ. సాగే గుడ్డలో రెడీమేడ్, సెకండ్ హ్యాండ్ రెండూ చూడండి, నడుంకి తాడో ఎలాస్టికో ఉన్నవి. తప్పనిసరిగా కుట్టించాల్సి వస్తే పక్కల్లో కనీసం ఇంచున్నర మార్జిన్ వదలమనండి, ప్యాంటు అంచుకి రెండు ఇంచుల మడత పెట్టించండి, ఓవర్‌లాక్ కూడా మార్జిన్ కోసేయకుండా అంచు మీదే వేయమని ముందే చెప్పండి, చెప్పకపోతే నీట్‌గా ఉంటుందని అంతా కత్తిరించి ఇస్తారు.